మాహిష్మతికి పన్నులు ఎవరు కట్టారు?

బాహుబలి రెండో భాగం వచ్చి ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ మా చుట్టాలు నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరు అనకుండా ఉండరు: “మన రాజ్యాలు అట్లాగే ఉండేవి, మనకు బళ్లో చెప్పలేదు గానీ.” వెంటనే ఇంజినీరింగ్ చదివే కుర్రాడెవడో అందుకుంటాడు: “అది ఫాంటసీ మామయ్యా, దాన్ని చరిత్రతో పోలుస్తారేంటి?” నాకు ఇద్దరితోనూ పేచీయే. పెద్దాయన సినిమాను చరిత్ర చేసేస్తున్నాడు. కుర్రాడు పోల్చడమే తప్పంటున్నాడు. పోల్చాలి. అయితే కవచం ఏ లోహం, కిరీటం ఏ శతాబ్దం అంటూ తప్పులు ఏరడానికి పోల్చితే ఒరిగేదేమీ లేదు. ఒక రాజ్యం నిలబడాలంటే ఏమేం కావాలో మన నేల మీద రాళ్లకెక్కి ఉంది. ఆ రాళ్ల పక్కన మాహిష్మతిని నిలబెడితే అందులో ఏం లేవో కనిపిస్తుంది. కల్పన చరిత్ర కంటే ఘనంగా ఉందని అందరూ అనుకుంటున్నారు. కథగా చూసినా సరే, ఓరుగల్లు ముందు మాహిష్మతి పలచన అంటాను నేను.

సినిమా నాకు ఇష్టమేనని ముందే చెప్పేస్తున్నా. థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇష్టం లేని సినిమా మీద ఇంత రాసే ఓపిక ఎవరికుంటుంది?

ముందు పేర్ల సంగతి. మాహిష్మతి పుట్టించిన పేరు కాదు. నర్మద ఒడ్డున హైహయుల రాజధాని, కార్తవీర్యార్జునుడి పట్టణం అని పురాణాలు చెప్పే ఊరు. ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ అదేనని చాలామంది పండితుల మాట. కుంతల కూడా నిజమైన సీమే. ఇప్పటి ఉత్తర కర్ణాటక, దాన్ని ఆనుకున్న దక్షిణ మహారాష్ట్ర. కాలకేయులు మహాభారతంలోంచి నడిచొచ్చారు. పిండారీలు మాత్రం కొన్ని వందల ఏళ్లు దారి తప్పి వచ్చినట్టున్నారు. వాళ్లు మరాఠా సైన్యాల వెంట తిరిగి, 1817-18 యుద్ధంతో చెదిరిపోయిన దోపిడీ దండులు. పోనీలెండి, ఫాంటసీయే కదా.

అలా పోనివ్వలేని పేరు బిజ్జలదేవుడు. 12వ శతాబ్దంలో బిజ్జలుడనే రాజు నిజంగానే ఉన్నాడు. కలచురి వంశంవాడు. కల్యాణి చాళుక్యులకు సామంతుడిగా ఉంటూనే ఏలికల సింహాసనాన్ని లాక్కున్నాడు. అతని కొలువులోనే బసవేశ్వరుడు మంత్రి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బిజ్జలుడు ముఖ్యమైన పాత్ర. నాజర్ గారి చేతికి రాకముందే అతను ఏడు వందల ఏళ్లుగా తెలుగు కథల్లో తిరుగుతున్నాడన్నమాట. కలచురులు తమది హైహయ వంశమని చెప్పుకునేవాళ్లు. తొలి కలచురులు ఏలింది మాహిష్మతి నుంచేనని చరిత్రకారుల అంచనా. మాహిష్మతి, బిజ్జలుడు, కుంతల అనే మూడు పేర్లను ఒకచోట చేర్చినవాళ్లు కావాలని చేశారో, చెవికి ఇంపుగా ఉన్నాయని చేశారో నాకు అనవసరం. ఆ మూడూ చరిత్రలో నిజంగా ఒకే దారానికి గుచ్చుకుని ఉన్నాయి.

ఆ దారం ఓరుగల్లు దాకా వస్తుంది. కాకతీయులు కూడా కల్యాణి చాళుక్యుల సామంతులే. బిజ్జలుడు సింహాసనాన్ని కదిలించిన ఆ గందరగోళంలోనే రుద్రదేవుడు పైకొచ్చాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం అతన్ని ఇక ఎవరికీ తల వంచని రాజుగా నిలబెట్టింది. ఇంకో నూట అరవై ఏళ్లకు, 1323లో ఓరుగల్లు పడిపోయి ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకెళుతుంటే దారిలో ప్రాణం పోయింది. ఎక్కడ? నర్మద ఒడ్డున అని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. మాహిష్మతి అనే మాట వినగానే నాకు జలపాతాలు, ఏనుగులు గుర్తుకు రావు. ఈ ఒడ్డే గుర్తుకొస్తుంది.

ఇక అసలు దగ్గరి చుట్టం పల్నాడు. సవతి అన్నదమ్ముల మధ్య గద్దె తగాదా, రాజ్యాన్ని వేళ్లమీద ఆడించిన ఒక ఆడమనిషి, ఆజ్ఞాపాలన అంటే ప్రాణమిచ్చే యోధుడు, పెద్దలు వద్దంటున్నా యుద్ధానికి ఉరికిన కుర్రాడు. బాహుబలి కథ చెబుతున్నాననుకునేరు. ఇది పల్నాటి యుద్ధం. 12వ శతాబ్దం చివర, మామూలుగా 1182 అని చెబుతారు. నలగామరాజు, మలిదేవాదులు హైహయులు, అంటే కార్తవీర్యుడి వంశమని చెప్పుకున్నవాళ్లే. మాహిష్మతి వారసులు తెలుగునేల మీద నిజంగా ఒక రాజ్యం ఏలారు, నిజంగానే దాయాదుల పోరులో నేలకూలారు. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. శ్రీనాథుడంతటివాడు దానికి ద్విపద కట్టాడు.

పల్నాటి కథలో ఉండి మాహిష్మతిలో లేనిది ఒకటుంది. అది కులం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. మాల కులానికి చెందిన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడు. ఆ కథలో కోడిపందెం ఒక సాకు మాత్రమే. ఎవరు ఎవరితో కూర్చుని తినొచ్చు అన్న ప్రశ్న దాని కింద నిప్పులా ఉంది. మాహిష్మతి జనానికి కులం లేదు, వృత్తి లేదు, ఊరు పేరు లేదు. వాళ్లకున్న ఒకే ఒక్క పని జయజయధ్వానాలు చేయడం. అంతెత్తు విగ్రహాన్ని తాళ్లతో లాగుతున్నప్పుడు తప్ప వాళ్ల ఒంటికి చెమట పట్టినట్టు కనిపించదు. బహిష్కరించాక బాహుబలి జనం మధ్యకు వచ్చి వాళ్లతో కలిసి పనిచేస్తాడు, నిజమే. అదంతా ఒక పాట అయ్యేలోపు అయిపోతుంది.

కట్టప్ప దగ్గర కాసేపు ఆగాలి. 2015 నుంచి 2017 దాకా దేశమంతా అతని గురించే అడిగింది కాబట్టి అతనికి ఆ గౌరవం దక్కాల్సిందే. పూర్వీకులెవరో ఇచ్చిన మాటకు తరతరాలుగా సింహాసనానికి బానిసలైన వంశం అతనిది. ఇలాంటి విధేయత మన మధ్యయుగాల్లో ఉందా అంటే ఉంది, కానీ దాని లెక్క వేరు. కాకతీయుల కాలంలో లెంకలని ఉండేవారు, ఏలిక కోసం ప్రాణమిస్తామని ప్రమాణం చేసిన యోధులు. పక్కనే హొయసల రాజ్యంలో గరుడులుండేవారు. హళేబీడు గుడి దగ్గర ఇప్పటికీ ఒక స్తంభం నిలబడి ఉంది. రెండో వీరబల్లాలుడు చనిపోయినప్పుడు కువర లక్ష్మ అనే దండనాయకుడు భార్యతో, తన యోధులతో సహా ప్రాణం తీసుకున్నాడని దాని మీద రాసి ఉంది. తమ తలలు తామే నరుక్కుంటున్న మనుషుల బొమ్మలు కూడా చెక్కారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

తేడా ఏమిటంటే ఆ ప్రమాణం ఒక మనిషికి, అతని పేరుకు, అతని ఉప్పుకు. దానికి బదులుగా భూమి, బిరుదు, గౌరవం దక్కేవి. ఏలిక పోతే లెంకకు లోకం లేదు. కట్టప్ప విధేయత మనిషికి కాదు, కుర్చీకి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ల సంతకానికి తలాడించే పాతకాలపు సచివాలయం గుమాస్తా ఎలాంటివాడో కట్టప్ప అలాంటివాడు, చేతిలో ఫైలు బదులు కత్తి ఉందంతే. అందుకే తాను ఎత్తుకుని పెంచినవాణ్ని రాజమాత ఆజ్ఞ అయిందని వెన్నులో పొడవగలిగాడు. 13వ శతాబ్దపు లెంక అయితే ఆ పని చేసేవాడు కాదనుకుంటాను. చేస్తే ఆ రాత్రే తానూ పోయేవాడు, ఊరి బయట అతని గుర్తుగా ఒక వీరగల్లు లేచేది, రెండో భాగం ఉండేది కాదు. సినిమాకు కావలసిన ద్రోహం పుట్టాలంటే కుర్చీకి అంటుకున్న విధేయతను కనిపెట్టక తప్పదు. కథ అవసరం నాకు అర్థమైంది. దాన్ని “మన పాతకాలపు స్వామిభక్తి” అని మెచ్చుకుంటుంటేనే ఒప్పుకోలేను.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైన విషయం, నీళ్లు. మాహిష్మతి నిండా నీళ్లే. మొదటి భాగంలో ఆకాశం నుంచి పడుతున్నంత జలపాతం ఉంది. కానీ ఆ రాజ్యంలో ఒక్క చెరువు గుర్తుందా? కుంతల దగ్గర ఒక ఆనకట్ట ఉంది. శత్రువు మీదికి వరద వదలడానికి దాన్ని పగలగొట్టారు. రెండు భాగాల్లో సాగునీటి కోసం కట్టిన కట్టడం నాకు గుర్తున్నంతలో అదొక్కటే, దాని పాత్ర పగిలిపోవడం.

ఇంకోవైపు కాకతీయుల నేల చూడండి. తెలంగాణ మెట్టలో వాన పడితే పారిపోతుంది, ఆపితేనే అన్నం. అందుకే రెండు గుట్టల మధ్య కట్ట వేసి వాగుకు అడ్డం పడ్డారు. ఒక చెరువు అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా తవ్వారు. పాఖాల, రామప్ప, లక్నవరం ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయి. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికే అయినా, గుడి, చెరువు రెండూ ఒకే ఆలోచనలో భాగం. చెరువు తవ్వించడం కొడుకును కనడంతో సమానమని సప్తసంతానాల్లో చేర్చి పెట్టారు. కట్టించినవాడికి దశబంధం పేరుతో ఆ చెరువు కింది సాగులో వాటా. పుణ్యమూ ఉంది, లాభమూ ఉంది. అందుకే రాజులే కాదు, సేనానులు, మంత్రులు, నాయకులు, వర్తకులు కూడా పోటీపడి తవ్వించారు.

ఆడవాళ్లు కూడా తవ్వించారు. కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారం దగ్గర చెరువు తవ్వించి దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టి ఒక శాసనం వేయించింది. ఆ శాసనంలో ఆమె తన పుట్టింటి వంశావళి మొత్తం చెక్కించింది. తొలి కాకతీయుల గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద భాగం ఆ చెరువుకట్ట మీది రాయి చలవే. శివగామి పసిబిడ్డను చేతుల్లో ఎత్తి పట్టుకున్న దృశ్యం గొప్పదే, నేను కాదనను. కానీ రాణి అధికారమంటే కన్నెర్ర చేయడం, ఆజ్ఞ వేయడం, కత్తి దూయడం అని మాత్రమే చూపిస్తే మైలమకు చోటెక్కడుంటుంది? రుద్రమదేవిని కూడా మనం గుర్రం మీదే గుర్తుపెట్టుకుంటాం. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఓరుగల్లు రాతికోటను తండ్రి గణపతిదేవుడు మొదలుపెడితే పూర్తి చేయించింది ఆమె. చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. ఆమెకూ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి కొంత భూమి ఇచ్చాడు. అంత పెద్ద రాణి మరణం గురించి మనకు చెప్పింది ఏ కావ్యమూ కాదు, ఒక సేవకుడు చేసిన భూదానం.

నీళ్లుంటే పంట, పంటుంటే పన్ను, పన్నుంటే సైన్యం. గుర్రాలు ఊరికే రావు. దక్షిణాదిలో మంచి యుద్ధాశ్వాలు పెరగవు, అరేబియా నుంచీ పర్షియా నుంచీ ఓడల్లో రావాలి. పాండ్య దేశంలో ఏటా వేల గుర్రాలు దిగుతాయనీ, వాటికి అన్నం, మాంసం వండి పెట్టి చంపుకుంటారనీ మార్కోపోలో విసుక్కున్నాడు. మాహిష్మతి మైదానంలో బారులు తీరిన ఆ గుర్రాలకు ఎవరు డబ్బిచ్చారు, ఏ రేవులో దించారు? ఆ రాజ్యానికి సముద్రం ఉందో లేదో కూడా తెలియదు. గణపతిదేవుడికి ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో 1244 నాటి అతని అభయశాసనం ఉంది. అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడ ఏ రాజు ఒడ్డుకు చేరితే ఆ సరుకంతా ఆ రాజుదే. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్ల సొమ్ము తాను ముట్టననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు రాతి మీద మాటిచ్చాడు. ఆ తర్వాత సరుకుల పట్టీ. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, రాగి, సీసం, పట్టు దారాలు, మిరియాలు, వక్కలు, వేటికెంత సుంకమో విడివిడిగా.

ఆ పట్టీ చదువుతుంటే నాకు వచ్చే ఉత్సాహం నూరు రథాల యుద్ధం చూస్తే రాదు. ఇది అతిశయోక్తి అనుకుంటే అనుకోండి. అందులో ఒక రేవు కనిపిస్తుంది, అరవ, అరబ్బు, చీనా వర్తకుల సందడి వినిపిస్తుంది, సుంకం దగ్గర బేరమాడుతున్న గొంతులు వినిపిస్తాయి. ఆ సందడి తర్వాతి తరానికీ తగ్గలేదు. మోటుపల్లి సీమలో సాలెగూడంత సన్నటి బట్టలు నేస్తారనీ, అక్కడ వజ్రాలు దొరుకుతాయనీ, వివేకవంతురాలైన రాణి ఏలుతున్నదనీ మార్కోపోలో రాశాడు.

విగ్రహాల సంగతి కూడా చెప్పాలి. భల్లాలదేవుడు నూరడుగుల బంగారు విగ్రహం పెట్టించుకున్నాడు. ఇది మన రాజుల అలవాటు కాదు. చెరువు, గుడి, అగ్రహారం, కావ్యం, ఇవి వాళ్ల గుర్తులు. సొంత బంగారు బొమ్మ చేయించిన తెలుగు రాజు నాకు తెలిసి ఒకడున్నాడు, ప్రతాపరుద్రుడు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన మట్టికోటను దాటి రాతికోట ముందుకు వచ్చినప్పుడు, తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు తగిలించి, లొంగిపోయానన్నదానికి గుర్తుగా పంపాడని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. బంగారం కాకపోయినా, తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం ఇంకొకటి. మనిషంత ఎత్తు, ఇటూ అటూ తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురూ చేతులు జోడించి ఉంటారు. దర్శనానికి వెళ్లే తొందరలో సగం మంది వాళ్లను చూడను కూడా చూడరు.

ఆ మట్టికోట గురించి ఒక మాట. రాతికోట అవతల కందకం, దాని అవతల దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మట్టి గోడ. మంజనీకు, అంటే రాళ్లు విసిరే యంత్రం, విసిరిన రాయి తగిలితే పిల్లలాడుకునే గింజలా ఎగిరి వెనక్కి పడుతుందని ఖుస్రోయే ఆశ్చర్యపోయాడు. రాతి గోడ పగులుతుంది, మట్టి గోడ దెబ్బకు తట్టుకుంటుంది. సినిమాలో తాటిచెట్లను వంచి సైనికులను కోటలోకి విసిరే ఆలోచన సరదాగా ఉంది. కానీ మట్టి గోడకు కూడా బుర్ర కావాలి, దాని వెనక గెలిచే ముట్టడి చూపించినా జనం కేరింతలు కొట్టేవాళ్లు.

అన్నింటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మంచితనం విషయం. కాలకేయులతో యుద్ధానికి ముందు బలి సన్నివేశం గుర్తుందా? భల్లాలుడు జంతువును ఒక్క వేటుకు నరికేస్తాడు. బాహుబలి నోరులేని ప్రాణిని చంపనని తన రక్తమే అర్పిస్తాడు. థియేటర్ మొత్తం చప్పట్లు. ఆ ఒక్క సన్నివేశంతో ఎవరు హీరోనో తేలిపోయింది. ఇప్పుడు విజయనగరానికి పోదాం. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవం చూసి, మొదటి రోజు 24 దున్నలు, 150 గొర్రెలు, చివరి రోజు 250 దున్నలు, 4,500 గొర్రెలు బలి అయ్యాయని లెక్క రాసుకున్నాడు. అక్కడ రాజు భల్లాలుడు కాదు. ఆముక్తమాల్యద రాసిన రాయలు, మనం ఆంధ్రభోజుడని పిలుచుకునే రాయలు. సినిమా కొలత ప్రకారం ఆయన విలన్ కావాలి.

ఇక్కడే మాహిష్మతి చేసిన గారడీ ఉంది. బట్టలు, కోటలు, ఏనుగులు అప్పటివి. మనస్సాక్షి మాత్రం ఇప్పటిది. ఆడవాళ్ల మీద చెయ్యి వేసినవాడి తల కొలువులోనే నరికేసి బాహుబలి ఈలలు వేయించుకున్నది కూడా ఇందుకే, ఆ కోపం ఈ రోజు పేపరు చదివేవాడి కోపం. అందులో తప్పేమీ లేదు, ఏ కాలపు కథయినా ఆ కాలం వాళ్ల కోసమే. కానీ దాన్ని చూసి “మన రాజులు అంత ధర్మాత్ములు” అనే మాట వచ్చిందంటే, మనం అద్దంలో మన ముఖం చూసుకుని తాతగారి ఫొటో అనుకుంటున్నాం. నిజం రాజు మనకు ఇంత సులువుగా నచ్చడు. అతను చెరువు తవ్విస్తాడు, కవిని పల్లకీలో మోయిస్తాడు, అదే చేత్తో వందల దున్నలను నరికిస్తాడు. రెండు ముఖాలూ ఉన్న మనిషి గురించి కథ రాయడం కష్టం. అందుకే సినిమా ఆ రెండు ముఖాలను విడదీసి ఇద్దరు అన్నదమ్ములకు పంచింది.

“ఇవన్నీ పెడితే సినిమా కాదు, డాక్యుమెంటరీ అవుతుంది” అని మా కుర్రాడి మాట. అవ్వదు. అమెరికాలో డ్రాగన్ల కథలు రాసే జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఉన్నాడు కదా. తనకంటే ముందటి మహారచయిత టోల్కీన్ సృష్టించిన మంచి రాజు గురించి, ఇంతకీ ఆయన పన్నుల విధానం ఏమిటని అడిగాడు. మంచివాడు గద్దెనెక్కాడు కాబట్టి రాజ్యం బాగుపడింది అంటే చాలదని ఆయన ఉద్దేశం. ఆయన కథాలోకం వెస్టెరోస్ ఇంగ్లండులో 15వ శతాబ్దపు లాంకాస్టర్, యార్క్ వంశాల యుద్ధాల్లోంచి పుట్టింది. అప్పులు, ధాన్యం, చలికాలపు నిల్వలు ఆ కథలో నడిచే ఇరుసులు. అక్కడ డ్రాగన్లు కూడా ఉన్నాయి, ఎవరూ దాన్ని డాక్యుమెంటరీ అనలేదు. ఆయన తన పక్కింటి చరిత్రను పిండుకున్నాడు. మన పక్కింట్లో ఏముందో చూపించడానికి ఒక్క ఉదంతం చాలు.

రాయల కాలంలో విజయనగరం పక్కన, నాగలాపురం అనే కొత్త ఊరి దగ్గర, రెండు కొండల మధ్య పెద్ద చెరువు కట్టడం మొదలుపెట్టారు. పదిహేను, ఇరవై వేల మంది చీమల్లా నేల కనపడకుండా పనిచేస్తుంటే కళ్లారా చూశానని పేస్ రాశాడు. తలా కొంత కట్ట చొప్పున రాజు తన నాయకులకు పంచాడట. జోవావో డెల్లా పోంటే అనే పోర్చుగీసు రాతిపనివాడు కూడా అక్కడున్నాడని తర్వాత వచ్చిన ఇంకో పోర్చుగీసువాడు న్యూనిజ్ చెబుతాడు. అతను సున్నం బట్టీలు పెట్టించమన్నాడు. రాజు నవ్వాడు, మా దేశంలో ఇల్లు కట్టడానికే సున్నం వాడరని. లోయలోకి బండలు దొర్లించారు. కట్ట నిలవలేదు. పేస్ లెక్కలో రెండు మూడు సార్లు తెగిపోయింది. దేవుడు బలి కోరుతున్నాడని పండితులు చెప్పారు. గుడి దగ్గర అరవై మంది మనుషుల తలలు తీయించారని, కొన్ని గుర్రాలను, దున్నలను కూడా బలి ఇచ్చారని పేస్ రాస్తాడు. ఆ మనుషులు మరణశిక్షకు తగిన ఖైదీలని న్యూనిజ్ మాట. చివరికి కట్ట నిలిచింది. ఆ నీళ్ల కింద వరిమళ్లు, తోటలు లేచాయి. సాగులోకి తెచ్చుకోవడానికి రైతులకు ఆ భూములు తొమ్మిదేళ్లు ఉచితంగా ఇచ్చారు, ఆ తర్వాత రాబడి 20,000 వరహాలకు చేరింది. రాయల పన్నుల విధానం అడిగితే న్యూనిజ్ దగ్గర జవాబుంది.

ఇందులో ఒక సన్నివేశం ఎవరైనా తీస్తే చూడాలని నాకు కోరిక. తెగిన కట్ట, మోకాళ్ల లోతు బురద, తలలు వంచుకున్న నాయకులు. సున్నం కావాలని భాష రాని చోట చేతులు ఊపుతున్న ఒక పరదేశి మేస్త్రీ. బలి కావాలంటున్న పండితులు. వరసగా కూర్చోబెట్టిన అరవై మంది. వెనక, ఈ ఏడు కూడా నీళ్లు రాకపోతే ఎండిపోయే ఊళ్లు. మధ్యలో రాజు. బాహుబలి అక్కడ ఉంటే తన చెయ్యి కోసుకుని రక్తం ధారపోసేవాడు, థియేటర్లో మళ్లీ చప్పట్లు మోగేవి. కట్ట మాత్రం మళ్లీ తెగేది, దానికి కావలసింది సున్నం. అప్పుడు అతనేం చేస్తాడు? బట్టీలు పెట్టించమని మేస్త్రీ మాట వింటాడా, ఖర్చు ఎవరి నెత్తిన వేస్తాడు, ఆలస్యమైతే ఊళ్లకు ఏం చెబుతాడు, అరవై మందిని వదిలేస్తే పండితులను ఎలా ఎదుర్కొంటాడు? ఈ ప్రశ్నలు తేలేదాకా ఇంటర్వెల్ వేయకూడదు.